నెల్లూరు ఎండ తాబేలుకు చాలదా?

పోయిన ఆదివారం పొద్దున మా వీధి చివరింటి పిల్లాడు ఐస్‌క్రీమ్ డబ్బాలో తాబేలును పెట్టుకుని వచ్చాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. "ఆంటీ, రెండు వారాల నుంచి ఏమీ తినట్లేదు. మీ ఇంట్లో కూడా ఉందంట కదా, రొంత చూస్తారా?" అన్నాడు. అక్వేరియం షాపుల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలే. చేతిలోకి తీసుకుని బొటనవేలితో డిప్ప అంచు మీద మెల్లగా ఒత్తాను. లోపలికి దిగింది. మాగిన సపోటా మీద వేలు పెట్టినట్టుంది. ఆ వయసు తాబేలుకు డిప్ప అలా దిగకూడదు. కింద పెడితే నడిచింది గానీ ఎడమ వెనక కాలు ఈడుస్తోంది.

"ట్యాంకు మీద లైటు ఏం పెట్టావు నాన్నా?"

"ఎల్ఈడీ ఉందాంటీ. నీలం రంగుది."

వాడి వెనకే వచ్చిన వాళ్ల నాన్న అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. ఎండ కాసే దీపం వేరే ఉంటుందని, అది పెట్టాలని నేను చెప్పేసరికి, "నెల్లూరులో ఉండి తాబేలుకు వేడి దీపమా మేడమ్? రోహిణి కార్తెలో మనమే ఉడికిపోతుంటిమే!" అన్నారు. ఎగతాళిగా అనలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. గుమ్మంలో నిలబడి రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకూ చేతకాలేదు. ఆ ప్రశ్న ఈ వారమంతా నన్ను వదల్లేదు. ఎందుకంటే ఒకప్పుడు అదే మాట నేనూ అన్నాను, దానికి మా ఇంట్లో ఒక ప్రాణం పోయింది.

మా కిటికీ పక్కన

2017లో మా పెద్దాడి పుట్టినరోజుకు అర్ధరూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దగా ఉన్న తాబేలు పిల్లను తెచ్చాం. షాపతను ఒక గింజల డబ్బా ఇచ్చి, "వారానికోసారి నీళ్లు మార్చండి, అంతే" అన్నాడు. హాల్లో పడమటి కిటికీ పక్కన గాజు ట్యాంకు పెట్టాం. మధ్యాహ్నం మూడైతే కిటికీ అద్దంలోంచి ఎండ నేరుగా ట్యాంకులో పడేది. తాబేలు రాయెక్కి మెడ చాచి ఆ ఎండలో పడుకునేది. దాన్ని చూసి నేను ఎంత తృప్తిపడేదాన్నో. దీపాల గురించి ఎక్కడో చదివి మా ఆయన అడిగితే, "అవన్నీ చలిదేశాల వాళ్లకు, మన ఊళ్లో ఎందుకు?" అని కొట్టిపారేశాను.

కిటికీ అద్దం వేడిని రానిస్తుంది, వెలుగును రానిస్తుంది, కానీ ఎండలోని యూవీబీ అనే కిరణాలను దాదాపు మొత్తం ఆపేస్తుంది. ఈ సంగతి అప్పట్లో నాకు తెలియదు. ఏడాదిన్నర దాటిపోయింది. అప్పటికి దాని డిప్ప అంచులు పైకి మడుచుకున్నాయి. వీపు మధ్యలో గుంట పడింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే కాల్షియం చుక్కలు రాసిచ్చారు. ఇంట్లో దానికి ఏ వెలుగు పడుతోందని ఆయన అడగలేదు, చెప్పాలని నాకూ తోచలేదు. చుక్కలు వేస్తూనే ఉన్నాం. 2019 జనవరిలో ఒక పొద్దున్నే నీళ్లలో తేలి ఉంది. మా వాడికి అప్పుడు పదేళ్లు. "దానికి రోజూ ఎండ తగిలింది కదమ్మా" అని వాడు అడిగిన మాటకు ఆరోజు నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు కోసమే చదవడం మొదలుపెట్టాను. యూవీబీ అంటే 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే అతినీలలోహిత కిరణాలు. అవి చర్మం మీద పడితే చర్మంలోని కొలెస్ట్రాల్ లాంటి ఒక పదార్థం మారి డి3 విటమిన్‌కు ముందు రూపం తయారవుతుంది. ఆ ముందు రూపం అసలు విటమిన్‌గా మారాలంటే ఒంట్లో వేడి ఉండాలి. మనకు ఆ వేడి ఎప్పుడూ ఉంటుంది. తాబేలుకు, తొండకు సొంత వేడి ఉండదు, బయట నుంచి తెచ్చుకోవాలి. డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కదు. అప్పుడు ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. డిప్ప కూడా ఎముకే. పక్కటెముకలు, వెన్నెముక కలిసి అల్లుకున్న ఎముక. అందుకే అది మెత్తబడుతుంది.

అంటే మా తాబేలుకు రోజూ మధ్యాహ్నం సగం మాత్రమే అందింది. వేడి అందింది, కిరణం అందలేదు. కాల్షియం చుక్కలు కడుపులోకి పోయి అట్లాగే బయటికి పోయాయి.

గోడ మీది తొండ

"నెల్లూరు వేడి చాలు" అనే మాటలో ఉన్న అసలు పొరపాటు ఇంకొకటి. అది నాకు పుస్తకాల్లో కంటే మా ప్రహరీ గోడ మీద బాగా అర్థమైంది.

మా పెరటి గోడ మీద ఒక తొండ ఉంటుంది. ఏప్రిల్‌లో ఒక సెలవురోజు ఊరికే దాన్నే గమనించాను. ఆరున్నరకు గోడ తూర్పు వైపుకు వచ్చి, ఒళ్లు వెడల్పు చేసి, ఎండకు అడ్డంగా పడుకుంది. రంగు నల్లగా మాడినట్టుంది. ఎనిమిదయ్యేసరికి రంగు తేలి గడ్డిరంగుకు వచ్చింది, తల ఎత్తి చీమల వెంట పడింది. పదిన్నరకు నోరు కొద్దిగా తెరిచింది. ఆ వెంటనే గోడ దిగి మందార చెట్టు నీడలోకి పోయింది. పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడుందో కనపడనే లేదు. నాలుగున్నరకు పడమటి వైపు మళ్లీ వచ్చింది.

నడివేసవి నెల్లూరులో, ఇంత ఎండ ఉన్న ఊళ్లో, ఆ తొండ రోజులో ఎక్కువ భాగం ఎండ నుంచి తప్పించుకోవడంలోనే గడిపింది. దానికి కావలసింది వేడి కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వేడి దగ్గరికి పోయే వీలు, చాలనుకుంటే నీడలోకి పోయే వీలు. ఆ రెండూ పది అడుగుల్లో ఉంటే దాని ఒంటి వేడిని అదే చూసుకుంటుంది. గాజు ట్యాంకులో పెట్టిన మరుక్షణం ఆ పని మన నెత్తిన పడుతుంది. ట్యాంకులో ఒక మూల వేడిగా, రెండో మూల చల్లగా ఉండాలి. మూడడుగుల ట్యాంకులో ఆ తేడా తేవడమే ఈ దీపాల పని. ఊరు వేడిగా ఉంటే ట్యాంకు మొత్తం ఒకే వేడిలో ఉంటుంది. ఇటు పోయినా అదే, అటు పోయినా అదే.

ఈ మాట మా మేనమామకు ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆయనకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. "రొయ్య కూడా అంతే గదమ్మా, నీళ్లు చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుద్ది. రెండు రోజులు మబ్బు పట్టిందంటే మేత ముట్టదు. చెక్ ట్రే ఎత్తి చూసి మేత తగ్గించేస్తాం. లేకుంటే అడుగున కుళ్లిపోద్ది" అన్నారు. తాబేలుకు కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు తింటే కడుపులో అరగదు. అందుకే అదే తినడం మానేస్తుంది. మనం జబ్బనుకుంటాం. మన జిల్లాలో రొయ్యలు పెంచేవాళ్లు ఒకటి రెండు డిగ్రీల తేడాకు రాత్రిళ్లు నిద్ర మానుకుంటారు. గుంటలో అర్థమైన సంగతి ఇంట్లో గాజు పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మర్చిపోతామో నాకు తెలియదు.

ఏసీ గది, డిసెంబరు ముసురు

ఇంకో విషయం. ఊరి వేడి వేరు, మన గది వేడి వేరు. ఒంగోలులో మా పిన్ని కొడుకు ఇగువానా అనే పెద్ద విదేశీ బల్లిని పెంచుతున్నాడు. బెడ్‌రూమ్‌లో పెట్టుకున్నాడు. మే నెలలో నేను వెళ్లినప్పుడు బయట 42 డిగ్రీలు, వాడి గదిలో ఏసీ 22లో ఉంది. ఇగువానా కొమ్మను కరుచుకుని కళ్లు మూసుకుని ఉంది, ముట్టుకుంటే చల్లగా తగిలింది. "ఎంత బుద్ధిగా ఉంటుందో అక్కా, అసలు కదలదు" అన్నాడు. అది బుద్ధి కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు కానీ చెప్పాను. ఎండ కాచుకునే చోట 35 డిగ్రీల పైన ఉండాల్సిన జంతువు అది. వాడు ఆరోజే ట్యాంకును ముందు గదిలోకి మార్చి, వారంలో దీపం తెప్పించాడు. మన ఎండలే వాడి చేత ఏసీ పెట్టించాయి. వేసవిలో ఆ గది నెల్లూరులో లేదు, ఒంగోలులో లేదు, ఊటీలో ఉంది.

అలాగే మన దగ్గర వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాయుగుండం పట్టిందంటే వారం పది రోజులు సూర్యుడు కనపడడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను అప్పుడు మా వీధిలో కరెంటు లేదు, మా రెండో తాబేలు ట్యాంకులో నీళ్లు 22 డిగ్రీలకు పడిపోయాయి. ఆ రోజుల్లో నేను చేసిన పనల్లా మేత ఆపేయడమే. పెద్ద తాబేలు నాలుగు రోజులు తినకపోతే ఏమీ కాదు. చల్లటి ఒంట్లో తిండి నిలవ ఉండటమే ప్రమాదం. కరెంటు వచ్చాక హీటరు 26లో పెట్టాను. మూడో రోజు నా వేళ్ల నీడ నీళ్ల మీద పడగానే పైకి వచ్చేసింది.

ఎక్కువైతే చంపేది కూడా ఇదే

ఇంతా చదివి ఎవరైనా మే నెలలో హీటరు కొని పెడతారేమోనని భయంగా ఉంది. మన ప్రాంతంలో చలికి చచ్చిన తాబేళ్ల కంటే ఉడికి చచ్చినవే ఎక్కువ అని నా అనుమానం. నాకు తెలిసినవాళ్లు కావలిలో "ఎండ తగలాలి" అని ప్లాస్టిక్ తొట్టిలో అంగుళం నీళ్లు పోసి తాబేలును మిద్దె మీద పెట్టారు. ఎనిమిదింటికి పెట్టి, పదకొండున్నరకు గుర్తొచ్చి పరిగెత్తారు. నీళ్లలో చెయ్యి పెట్టలేకపోయారట. ఆ తాబేలుకు ఎండ కావాలని వాళ్లకు తెలుసు. నీడ కావాలని ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మా ఇంట్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేడి బల్బు ఆర్పేస్తాను. గదే 35 దాటుతుంటే ఇంకా బల్బెందుకు? యూవీబీ ట్యూబు మాత్రం ఏడాది పొడుగునా పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా వెలుగుతుంది. నీళ్లు 30 దాటితే ట్యాంకు మీద చిన్న ఫ్యాను పెడతాను. నీళ్ల హీటరు డిసెంబరు, జనవరిలోనే. వేడినీ వెలుగునూ రెండు స్విచ్‌లుగా చూడాలి. వేడికి ఋతువు ఉంది, యూవీబీకి లేదు. ఆరోజు ఆ తండ్రికి నేను చెప్పాల్సిన మాట ఇదే.

షాపులో "యూవీ" అని అడిగితే

కొనేటప్పుడు నేను తిన్న దెబ్బ ఒకటి చెప్పాలి. రెండో తాబేలు వచ్చాక నేను ఒక షాపుకు వెళ్లి "యూవీ లైటు" అని అడిగాను. సన్నటి గాజు గొట్టం ఇచ్చారు. తీరా చూస్తే అది నీళ్లలో క్రిములు చంపే యూవీసీ దీపం. ఫిల్టరు లోపల మూసి ఉంచాల్సింది. దాన్ని తాబేలు మీద వెలిగించి ఉంటే దాని కళ్లు, చర్మం కాలిపోయేవి, చూసే పిల్లల కళ్లు కూడా. పెట్టె మీది అక్షరాలు చదివాను కాబట్టి సరిపోయింది. ఇంకోచోట ఊదారంగు ఎల్ఈడీని యూవీ అని ఇవ్వబోయారు. రంగు తప్ప అందులో తాబేలుకు పనికొచ్చేది లేదు. సరీసృపాల కోసమే తయారైన యూవీబీ ట్యూబు అని అడగాలి, పెట్టె మీద ఆ మాట ఉండాలి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

తెచ్చాక కూడా దాన్ని అద్దం మూత పైన పెడితే మళ్లీ కిటికీ కథే. ఇనుప జాలీ పైన పెట్టినా కిరణాల్లో మూడో వంతో ఇంకా ఎక్కువో జాలీ దగ్గరే ఆగిపోతుంది. మా ట్యాంకులో తాబేలు ఎక్కే ఇటుకకు ఒక అడుగు ఎత్తున, మధ్యలో ఏమీ అడ్డం లేకుండా వేలాడదీశాం. ఇటుక మీద ఒక బంగ్లా పెంకు పరిచాం, వేడి బల్బు సరిగ్గా దాని మీద పడుతుంది. ఆ పెంకు మీద 33 డిగ్రీలు, అవతలి మూల నీళ్లు 26. కరోనా అప్పుడు కొన్న నుదుటి థర్మామీటరుతో కొలవకండి, అది మనిషి ఒంటి వేడికే పనిచేస్తుంది. మెకానిక్కులు వాడే టెంపరేచర్ గన్ కావాలి.

ట్యూబు చివర తెల్లటి మూత మీద మార్కరుతో "మార్చి" అని రాసి ఉంటుంది. మార్చిన నెల అది. ఈ ట్యూబులు రెండేళ్లయినా వెలుగుతూనే ఉంటాయి. కానీ ఆరు నెలల నుంచి ఏడాది లోపల యూవీబీ తగ్గిపోతుంది. అది కంటికి కనపడదు కాబట్టి రాసుకోవాల్సిందే. రాత్రికి ఏ దీపమూ వద్దు. రాత్రంతా ఎర్ర బల్బు పెట్టమని కొందరు చెబుతారు. మన ఊళ్లో రాత్రిపూట దాని అవసరం నాకు కనపడలేదు, తాబేలుకు చీకటి కావాలి.

నాతో ఒప్పుకోని వాళ్లు

మా నాయనమ్మ ఇంట్లో చేదబావిలో తాబేలుండేది. నీళ్లు శుభ్రంగా ఉంటాయని వేసేవాళ్లు. "దానికేం దీపం పెట్టాం? నీ పెళ్లినాటికి కూడా బతికే ఉంది" అంటుంది మా అమ్మ. నేను చాలా రోజులు ఆలోచించాను దీని మీద. ఆ బావికి మూత లేదు. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా లోపలికి దిగేది, అద్దం అడ్డం లేదు. లోపల ఒక రాతి గట్టు ఉండేది, దాని మీదికి ఎక్కేది. అయినా ఆ చీకటి బావి దానికి సుఖమైన చోటని నేననను. అది బతికింది కాబట్టి మనకు గుర్తుంది. బతకని వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు.

ఖర్చు మాట వస్తుంది. రెండు మూడు వందల తాబేలుకు నాలుగు వేల సామానా అని. ఆ సందేహం న్యాయమైనదే, నెలజీతాల ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు. కానీ ఎర్రచెవుల తాబేలు సరిగ్గా పెంచితే ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుంది, ఆడదైతే అడుగు దాకా పెరుగుతుంది. దాన్ని అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పి అమ్మితే కొనేవాళ్లు సగానికి పడిపోతారు. పడిపోతే మంచిదే. కొన్నాక భరించలేక చెరువులో వదలడం ఇంకా పెద్ద తప్పు. అమెరికా నుంచి వచ్చిన ఈ జాతి మన చెరువుల్లోని తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ఎదురుమాట మాత్రం వేరే ఉంది. "పెరడు ఉన్నవాళ్లు పొద్దునపూట బయట ఎండలో పెడితే ఏ ట్యూబూ అక్కర్లేదు కదా?" అని. ఒప్పుకుంటాను. ఏ దీపమూ మన ఎండకు సాటిరాదు. పొద్దునపూట ఎండలో, సగం నీడ ఉన్న జాలీ పెట్టెలో, మనిషి పక్కనే కూర్చుని, కాకులూ పిల్లులూ రాకుండా చూసుకుంటూ అరగంట కాపిస్తే అంతకంటే మేలైనది లేదు. నేనూ సెలవుల్లో అదే చేస్తాను. గాజు పెట్టెలోనూ ప్లాస్టిక్ తొట్టిలోనూ మాత్రం ఎండలో పెట్టకూడదు. కానీ రోజూ ఆ అరగంట ఎవరికి కుదురుతుంది? స్కూలు బస్సు టైము, ఆఫీసు, ముసురు, ఊరెళ్లడం. నేను మొదటి వారం రోజూ చేశాను, రెండో వారం నాలుగు రోజులు, నెల తిరిగేసరికి ఆదివారాలు. ట్యూబును వేసి ఆర్పే టైమరుకు ఆ బద్ధకం లేదు.

వీటన్నిటి అడుగున ఇంకో ప్రశ్న ఉంది. అసలు వీటిని ఇంట్లో పెంచడమే తప్పేమో. జనవరి దాటితే మన సముద్రతీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ ఇసుక వేడి రెండు మూడు డిగ్రీలు మారితే పుట్టే పిల్లలు మగవో ఆడవో మారిపోతుంది. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగవి. పుట్టుకనే వేడి నిర్ణయించే జీవులను తెచ్చి, మన వీలును బట్టి స్విచ్ వేసి ఆర్పడం ఎంతవరకు సబబు? ఇప్పుడున్న తాబేలు తర్వాత మా ఇంట్లో ఇంకొకటి ఉండదని మేం నిర్ణయించుకున్నాం. మన చిట్టడవుల్లో దొరికే నక్షత్ర తాబేలును అదృష్టమని ఇంట్లో దాచుకునే వాళ్లతో అయితే దీపం గురించి మాట్లాడను. దాన్ని పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, అటవీశాఖకు అప్పగించడం ఒక్కటే దారి. ఇగువానా లాంటి వాటికి కూడా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కావాలి. మా పిన్ని కొడుకు చేయించాడు.

కానీ ఇప్పటికే ఇళ్లలో ఉన్నవి ఉన్నాయి. అవి మనల్ని అడగలేవు. చలేసినా వేడెక్కినా అరవవు, ఊరికే కదలడం మానేస్తాయి.

ఆ పిల్లాడికి మా దగ్గరున్న పాత ట్యూబు పట్టీ ఇచ్చి, కొత్త ట్యూబు మాత్రం కొనమన్నాను. వాళ్ల నాన్న గురువారం తెప్పించారు. నిన్న సాయంత్రం చూద్దామని వెళ్లాను. ట్యాంకును ఏసీ గదిలోంచి వరండా పక్క గదిలోకి మార్చారు. రెండు ఇటుకలు, పైన పెంకు. తాబేలు పెంకు అంచు దాకా పాకి, ఈడ్చే కాలు పట్టు దొరక్క జారి నీళ్లలో పడింది. మళ్లీ పాకింది, మళ్లీ పడింది. వాళ్ల నాన్న కాసేపు చూసి, లోపలికెళ్లి పాత గోనెపట్టా ముక్క తెచ్చి, పెంకుకు వాలుగా కట్టారు.